నేను తియ్యగా రాసిన బావి

పాపకు నీళ్ళు ఇచ్చే ముందు ఒక గుక్క నేను తాగి చూస్తాను. నెల్లూరు కుళాయి నీళ్ళకు ఇంత పరీక్ష దేనికని పక్కింటావిడ నవ్వుతుంది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటాను. అసలు సంగతి చెప్పాలంటే సముద్రపు ఒడ్డున మేము కాపురమున్న రెండేళ్ళ గురించీ, అంతకు ముందు నేను రాసిన ఒక వాక్యం గురించీ చెప్పాలి. పిల్లలిద్దరూ నిద్రపోయాక దొరికే కాస్త సమయంలో అది రాద్దామని కూర్చున్నాను. మధ్యలో లేచి వెళ్ళి చిన్నవాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వస్తున్నాను. ఎక్కడైనా అతుకులు కనిపిస్తే దానివల్లే అనుకోండి.

మాది కొడవలూరు దగ్గర పల్లె. వరి పండించే ఇల్లు. కాలేజీ చదువు కోసం నన్ను నెల్లూరులో పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఆమెకు పిల్లలు లేరు. ఊళ్ళో ఆడవాళ్ళు కలిసి పెట్టుకున్న ఒక సేవా సమాజానికి ఆమె కార్యదర్శి. ఆ ఇంటి ముందుగదిలో మూడు కుట్టుమిషన్లు, గోడవారగా పాలపొడి డబ్బాలు, మధ్యలో ఒక ఉయ్యాల బల్ల. ఆ గదిలోకి అడుగు పెడితే మిషను నూనె వాసనా, కొత్త గుడ్డ వాసనా కలిసి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త గుడ్డ చింపితే నాకు పెద్దమ్మ గుర్తుకొస్తుంది. ఆమె ఎండను లెక్కచేసే మనిషి కాదు. బాలింతలకు పాలు అందాయో లేదోనని పన్నెండు గంటలప్పుడు కూడా గొడుగు వేసుకుని పేటలన్నీ తిరిగేది. ఇంటికొచ్చి ఉయ్యాల మీద కూర్చుని చెప్పులు విడుస్తూ, "అమ్మడూ, మజ్జిగ" అనేది. నేను తెచ్చిచ్చే లోపల కళ్ళు మూసుకునేది. ఆమెలా బతకాలని నాకు ఉండేది.

ఏటా శ్రావణంలో సమాజం వార్షిక సభ జరిగేది. ఏడాదిలో చేసిన పనుల నివేదిక చదవడం, ఒక్కో అంశానికీ సభలోవాళ్ళు చప్పట్లు కొట్టడం, అదయ్యాక దాన్ని పుస్తకంగా అచ్చువేసి అందరికీ పంపడం ఆనవాయితీ. నా తెలుగు బాగుంటుందని నివేదిక రాసే పని పెద్దమ్మ నాకు అప్పజెప్పింది. పాత క్యాలెండరు కాగితాల వెనక ఆమె పొడిపొడిగా రాసిపెట్టిన మాటలను నేను వాక్యాలు చేసేదాన్ని.

నేను బి.ఏ. ఆఖరి ఏడు చదువుతున్నప్పటి కాగితం ఒకటి బాగా గుర్తుంది. "మైపాడు దగ్గర పాళెంలో బావి. కార్తీకంలో ప్రారంభం. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఆడవాళ్ళు సంతోషించారు." అంతే ఉంది అందులో. చేపలు పట్టేవాళ్ళ పాళెం అది. ఆ బావి తవ్వడానికి మనుషులను మా నాన్నే మా ఊరి నుంచి పంపాడు. మా వైపు ఎంత లోతుకు వెళితే అంత మంచి నీళ్ళు పడతాయి. "ఇంకో రెండు నిలువులు దించండి, చల్లటి నీళ్ళు పడతాయి" అని ఆయన పనివాళ్ళకు చెప్పడం నేను విన్నాను. అందుకని ఆ బావి మా ఇంటి బావిలాగే అనిపించింది. పెద్దమ్మ రాసిన నాలుగు ముక్కలూ మరీ బోసిగా ఉన్నాయనుకుని ఇలా రాశాను: "ఏడాది పొడుగునా తియ్యటి నీళ్ళతో తొణికిసలాడే ఈ బావి పుణ్యమా అని ఆ పాళెం ఆడపడుచులు ఉప్పు అన్న మాటనే మరచిపోయారు."

పెద్దమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుంది. సభలో దానికి కొట్టినన్ని చప్పట్లు ఇంక దేనికీ కొట్టలేదు. వెనక వరసలో కూర్చుని నేను మురిసిపోయాను. కార్తీకం నుంచి శ్రావణం దాకా ఆ పాళెం వైపు మళ్ళీ ఎవరూ వెళ్ళలేదన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఆ మరుసటి ఏడు పెళ్ళయింది. పాప పుట్టింది. పాపకు ఎనిమిది నెలలప్పుడు ఆయనకు సముద్రపు ఒడ్డున ఉన్న హైస్కూలుకు బదిలీ అయింది. ఆయన లెక్కల పంతులు. జూన్ నెల, ఎండ ఇంకా తగ్గలేదు. చంటిపిల్లతో ఆ ఇసకలోకి ఎట్లా వెళ్ళడమని మా అమ్మ ఏడ్చింది. నాకూ భయమే. దగ్గు వస్తే డాక్టరు లేడు, బస్సు తప్పితే మళ్ళీ మరునాడే. ఒక్క విషయంలో మాత్రం ధైర్యంగా ఉన్నాను. మేము దిగిన ఇంటికి కూతవేటు దూరంలోనే ఆ పాళెం. "నీళ్ళకు భయం లేదు, మా బావి ఉంది" అని ఆయనతో గొప్పగా చెప్పాను.

మాకు చేపలు, నీళ్ళు రెండూ తెచ్చిపెట్టేది ఒక అవ్వ. ఆ పాళెం మనిషే. యాభై దాటి ఉంటాయి. నల్లగా, సన్నగా, చెవులకు పెద్ద కమ్మలతో ఉండేది. పంతులుగారి భార్యను కాబట్టి నన్ను అయ్యోరమ్మా అని పిలిచేది. మొదటి రోజే ఆమెతో చెప్పాను.

"అవ్వా, పాపకు మాత్రం ఆ సిమెంటు బావి నీళ్ళు తేవాలి."

ఆమె బుట్ట దించి నా ముఖం చూసింది. "ఆ బాయి నీళ్ళా? బిడ్డకా?"

"అవును. దగ్గర కూడా కదా, నీకూ శ్రమ తగ్గుతుంది."

"నా శ్రమ సంగతి నాకొదిలెయ్. ఆ నీళ్ళకు మా మేకలు గూడా మూతి పెట్టవు."

దూరం నుంచి తెచ్చే నీళ్ళకు కూలి ఎక్కువ అడగడానికి అలా అంటోందనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"అది మంచి బావి అవ్వా. నాకు తెలుసు."

"నీకెట్టా తెలుసు? నిన్న గదా ఈ ఊళ్ళో దిగినావు."

"చదివాను."

"చదివినామెకు నేనేం జెప్పేది" అని గొణుక్కుంటూ పోయి ఒక బిందె నిండా తెచ్చిపెట్టింది.

ఆ నీళ్ళు కలిపి పాపకు పాలు కాచాను. పొంగు రాకముందే విరిగిపోయాయి. గిన్నె శుభ్రంగా లేదనుకుని మళ్ళీ తోమి మళ్ళీ కాచాను. మళ్ళీ విరిగాయి. అప్పుడు చేత్తో కాసిని నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకున్నాను. నాలుక మీద ఉప్పు, ఆ వెనక ఏదో చేదు. పాప ఆకలికి ఏడుస్తూనే ఉంది. వాకిట్లో చేపలు కడుగుతున్న అవ్వ తల తిప్పకుండానే అడిగింది.

"పాలిరిగినాయా?"

"విరిగాయి."

"ఇంకో చెంబు తెచ్చేదా, చదూకున్న నీళ్ళు?"

ఆ మాట అనేసి తనే లేచి వెళ్ళింది. అరగంటకు కుండతో నీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళతో కాచిన పాలు పాప గుటకలు వేస్తూ తాగింది.

మరునాడు పొద్దున్నే పాపను చంకనేసుకుని ఆమె వెంట వెళ్ళాను, ఆ నీళ్ళు ఎక్కడివో నా కళ్ళతో చూడాలని. సరుగుడు చెట్లు దాటాక ఒక ఇసక దిబ్బ, దాని వెనక పల్లం. అక్కడ పదిమంది ఆడవాళ్ళు ఎవరి చోట వాళ్ళు ఇసకలో గుంటలు తీసుకుని కూర్చుని ఉన్నారు. అవే చెలమలు. మోకాలి లోతు ఇసక తోడితే అడుగున తడి కనిపిస్తుంది. ఆ తర్వాత ఏమీ చేయకూడదు, నీరు ఊరేదాకా కూర్చోవాలి. కొబ్బరి చిప్పతో పైపైన ముంచి కుండలో పోసుకోవాలి. నీళ్ళు కాస్త మసకబారగానే ఆపేయాలి. వెళ్ళేటప్పుడు మేకలు తొక్కకుండా గుంట పూడ్చేయాలి. మళ్ళీ రేపు కొత్త చెలమ.

"ఇంకాస్త లోతు తీస్తే తొందరగా ఊరుతాయి కదా" అన్నాను. మా నాన్న కూతురిని.

నలుగురూ నవ్వారు. అవ్వ మాత్రం ఓపికగా చెప్పింది. "మోకాలు దాటితే సముద్రం లేస్తాది తల్లా. ఈడ భూమిలోపలంతా ఉప్పునీళ్ళే. వాన నీళ్ళు దాని మీద పల్చగా తేలతా ఉంటాయి, పాల మీద మీగడ మాదిరి. మేము మీగడ తీసుకుంటాము. ఆ టౌనోళ్ళు మీగడ చించుకోని కిందికి పోయినారు."

"తవ్వేటప్పుడు మీరు చెప్పలేదా?"

"మా కాపు పోయి జెప్పినాడు. మాకు బాయి తవ్వేది నేర్పతావా అని మేస్త్రీ నగినాడు. ఇంకేం జెప్పేది? తవ్వుకోనీలే అని వచ్చేసినాడు."

కాపు అంటే వాళ్ళ పాళెం పెద్ద. ఆ మేస్త్రీ మా ఊరివాడని నేను చెప్పలేదు. పాప నా ఒళ్ళోంచి జారి పిడికెడు ఇసక నోట్లో పెట్టుకుంది. కంగారుగా వేలు పెట్టి తీయబోతే అవ్వ నా చేయి పట్టుకుంది. "ఇసకకు ఏం గాదులే. మా పాళెమంతా ఇసక తినే పెరిగింది. నువ్వట్టా బెదిరిపోతే బిడ్డ బెదురుతాది."

ఆ రోజు నుంచి చెలమ దగ్గరికి వెళ్ళడం నాకు అలవాటైంది. నీళ్ళు కాచి, వడకట్టి, చల్లార్చి గానీ పాపకు ఇచ్చేదాన్ని కాదు. అది వేరే సంగతి. కానీ ఆ పొద్దుటి పూట నాకు కావలసి వచ్చేది. అరికాళ్ళ కింద చల్లటి ఇసక, సరుగుడు ఆకుల్లో గాలి చప్పుడు, దిబ్బ అవతల పడవలు ఒడ్డుకు చేరుతున్న కేకలు. నీళ్ళు ఊరే లోపల మాటలు ఊరేవి. ఎవరి వలలో కానాగంతలు పడ్డాయి, ఎవరి అల్లుడు అలిగి వెళ్ళాడు, అల్లూరు సంబంధం ఎందుకు తప్పింది అన్నీ అక్కడే తెలిసేవి. చెలమ నీళ్ళకు ఒక రుచి ఉంది. లేత కొబ్బరి లోపలి చెమ్మలాంటిది. అది మళ్ళీ ఎక్కడా నాకు దొరకలేదు.

ఆ వాక్యం రాసింది నేనేనని మాత్రం అవ్వకు చెప్పలేకపోయాను. చెప్పకపోతే ఏం నష్టం, ఆ పుస్తకం ఎవరు చూస్తారని సర్దిచెప్పుకున్నాను.

మాఘంలో ఒక రోజు మధ్యాహ్నం అవ్వా, ఇంకో ఐదారుగురు ఆడవాళ్ళూ మా వసారాలోకి వచ్చారు. అవ్వ చేతిలో పసుపురంగు అట్ట పుస్తకం ఉంది. చూడగానే గుర్తుపట్టాను.

సంగతి ఇది. మంచినీళ్ళు లేని ఊళ్ళకు కొత్త బావులు తవ్వించడానికి బ్లాకు ఆఫీసువాళ్ళు జాబితా కడుతున్నారు. పాళెం కాపు వెళ్ళి అడిగితే, మీకు ముందే మంచి బావి ఉంది కదా అని అక్కడి గుమాస్తా ఈ పుస్తకం చూపించాడట. అలాంటిదేం లేదని కాపు మొత్తుకుంటే, ఇంటికి తీసుకెళ్ళి చదివించుకోమని ఇచ్చి పంపాడట.

"ఏం రాసినారో చదువమ్మా" అంది అవ్వ.

చదివాను. నా గొంతు నాకే వేరేవాళ్ళ గొంతులా వినిపించింది. ఉప్పు అన్న మాటనే మరచిపోయారు అన్న దగ్గర ఒక చిన్నకోడలు పకపకా నవ్వింది. "ఉప్పు మరిచిపోయినామంట. మరి కరవాడు దేంతో ఎండబెడతాండామో అడగండి ఆ రాసినామెను." ఎండుచేపలకు ఉప్పు రాసి రాసి ఆ పిల్ల చేతులు పగిలి ఉన్నాయి.

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. "కత్తిర ఎండల్లో చెలమలు ఊరవు. రెండు మైళ్ళు పోయి చెరువు నీళ్ళు మోసుకోవాల. నా కూతురు చైత్రానికి పురిటికి వస్తాది. ఈసారన్నా బాయి వస్తాదనుకున్నాను" అంది. తర్వాత పుస్తకం అట్ట తిప్పి చూస్తూ అడిగింది. "ఎవరు రాసినారమ్మా ఇది?"

"పేరు వెయ్యలేదు" అన్నాను.

అది నిజమే. పేరు వెయ్యలేదు.

ఆ సాయంత్రం ఆయనతో అంతా చెప్పాను. ఆయన బ్లాకు ఆఫీసుకు పోయి కనుక్కున్నారు. ఆయన వెళ్ళేసరికే ఈ ఏటి జాబితా అయిపోయిందట. వచ్చేది సెప్టెంబరులో కడతారట. ఆ బావి తాగడానికి పనికిరాదని సమాజమే రాసిస్తే తప్ప పాళెం పేరు ఎక్కించలేమన్నారట. "నేను ఉత్తరం రాస్తే అదొక పంతులు ఫిర్యాదు కింద పోతుంది. రాసినదానివి నువ్వు" అన్నారు ఆయన.

మరునాడు చెలమ దగ్గర అవ్వ ఒక్కతే ఉన్నప్పుడు చెప్పేశాను. ఆమె చిప్పతో నీళ్ళు ముంచడం ఆపలేదు.

"రాసేటప్పుడు నువ్వు ఆ నీళ్ళు తాగినావా?"

"లేదు."

"మరి దేన్ని చూసి రాసినావు?"

"మా పెద్దమ్మ చెప్పింది."

"ఆమె తాగిందా?"

"తాగింది."

"ఏ నెల?"

"కార్తీకం."

"అదీ" అంది అవ్వ. కుండ నిండింది. నా వైపు తిరిగి, "నిన్నే చెప్పుండొచ్చు గదా. అంతమందిలో ఎందుకులే అనుకున్నావా?" అంది. అవునన్నాను. "రాసేటప్పుడు అంతమంది ముందర రాసినావే" అని కుండ ఎత్తుకుని నడిచింది. ఆ రోజు నుంచి మా ఇంటికి నీళ్ళు తెస్తూనే ఉంది గానీ పాపను ఎత్తుకోలేదు.

పెద్దమ్మకు ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. పాపను తీసుకుని నెల్లూరు వెళ్ళాను. ముందుగదిలో అదే వాసన. పెద్దమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని ఉయ్యాల ఊగుతూ నేను చెప్పిందంతా విన్నది.

"నేను అబద్ధం చెప్పానంటావా అమ్మడూ? ఆ రోజు నేను దోసిలితో తాగాను."

"నువ్వు చెప్పింది ఆ ఒక్క రోజు సంగతి. ఏడాది పొడుగునా అని చేర్చింది నేను."

"సరే, వచ్చే నివేదికలో ఆ బావి మాట ఎత్తకుండా వదిలేద్దాం."

"వదిలేస్తే పాత మాటే నిలబడుతుంది పెద్దమ్మా. ఆఫీసులో ఉన్నది పాత పుస్తకమే."

పెద్దమ్మ ఉయ్యాల ఆపింది. "ఈ ఒక్కటీ తప్పని చెబితే మిగతావి ఎవరు నమ్ముతారు? రేపు చందా ఇవ్వడానికి ఎవరూ ముందుకు రారు. పేటలో బాలింతల పాలు ఆగిపోతే ఆ పాపం ఎవరిది?"

ఆ పాలు నిజం. ఆ పాలకోసం ఆమె తిరిగిన ఎండ నిజం. "చైత్రంలో ఒకసారి వచ్చి నా దగ్గర రెండు రోజులుండి వెళ్ళు. పాపకు నీ దగ్గర అలవాటవుతుంది" అన్నాను. ఆమెకు నా ఎత్తు అర్థమైందనుకుంటాను. అయినా వస్తానంది.

వచ్చింది. బస్సు దిగి, గొడుగు వేసుకుని, మా ఇంట్లో కాలు పెట్టకుండానే నేరుగా బావి దగ్గరికి నడిచింది. గట్టుకు పొదిగిన రాయి మీద సమాజం పేరు చెక్కి ఉంది, దాని కింద మంచినీటి బావి అని. చేద తనే వేసి తోడింది. పాళెం ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. పెద్దమ్మ దోసిలి పట్టి తాగింది. నీళ్ళు నోట్లోనే ఉండిపోయాయి. అంతమంది చూస్తుండగా ఉమ్మడం ఆమెకు చేతకాలేదు. మింగింది. మళ్ళీ దోసిలి పట్టి ఇంకో గుక్క మింగింది. అవ్వ ముందుకొచ్చి ఆ పొద్దున ఊరిన కాసిని చెలమ నీళ్ళు కొబ్బరి చిప్పతో ఇచ్చింది.

"ఇది తాగమ్మా. నోరు బాగుపడతాది."

"కార్తీకంలో తియ్యగానే ఉన్నాయి" అంది పెద్దమ్మ మెల్లగా.

"ఆ దినం మేమూ అట్నే అన్నాములేమ్మా. వానల్లో ఏ గుంటైనా తియ్యగానే ఉంటాది. ఆ తర్వాత నువ్వు రాలా."

అవ్వ అందులో ఎత్తిపొడుపు ఏమీ పెట్టలేదు. పెద్దమ్మ తలవంచుకుంది. అప్పుడే అవ్వ కూతురు నిండు కడుపుతో చెరువు వైపు నుంచి చిన్న కడవ మోసుకుంటూ వచ్చింది. పెద్దమ్మ తన గొడుగు ఆ పిల్ల తల మీద పట్టి ఇంటిదాకా నడిచింది.

ఆ రెండు రోజులూ పెద్దమ్మ నన్ను కూర్చోబెట్టి పసుపు అట్ట పుస్తకం మొదటి నుంచి చదివించింది. "ఇది నేను చెప్పిందా, నువ్వు చేర్చిందా?" అని ఒక్కో వాక్యానికీ అడిగింది. కుట్టు నేర్చుకున్నవాళ్ళందరూ సొంతంగా బతుకుతున్నారు అన్నచోట ఆగి, "అందరూ కాదు. ముగ్గురు ఆ తర్వాత మిషను ముట్టనే లేదు" అంది. పాల గురించి రాసినదాంట్లో మాత్రం ఒక్క మాట కూడా మార్చాల్సిన పని లేకపోయింది. అప్పుడు ఆమె ముఖం కాస్త తేటపడింది.

అవ్వ కూతురికి వైశాఖంలో, ఎండలు మండిపోతున్నప్పుడు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. పురుడు పదకొండు రోజులూ అవ్వ చెరువుకీ ఇంటికీ ఎన్నిసార్లు తిరిగిందో నాకు తెలుసు. నేను కాచిన నీళ్ళు రోజూ ఒక చెంబు తీసుకెళ్ళేదాన్ని. నాలుగోరోజు అవ్వ మా పాపను మళ్ళీ ఎత్తుకుంది.

శ్రావణ సభకు వెళ్ళాను. నివేదిక అంతా చదివాక పెద్దమ్మ లేచి, "ఒక సవరణ ఉంది. రాసిన మనిషే చదువుతుంది" అంది. పాప నా చంక దిగనని ఏడిస్తే అలాగే ఎత్తుకుని వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. ఆ కాగితంలో మొదట నేను చింతిస్తున్నామనీ, విచారిస్తున్నామనీ చాలా రాశాను. అవన్నీ పెద్దమ్మ కొట్టేసింది. మిగిలింది ఇంతే: "పాళెంలో మేము తవ్వించిన బావి నీళ్ళు వానాకాలంలో తప్ప తాగడానికి పనికిరావు. అక్కడివాళ్ళు చెప్పింది వినకుండా లోతు ఎక్కువ తీయించాము. ఏడాది పొడుగునా తియ్యగా ఉంటాయని చూడకుండానే రాశాము. ఆ పాళేనికి మంచినీళ్ళు లేవు."

ముందు వరసలో ఒక ముసలావిడ అయోమయంగా అటూ ఇటూ చూసి, "దీనికి చప్పట్లు కొట్టాలా, వద్దా?" అని అడిగింది.

"కొట్టొద్దక్కయ్యా. వింటే చాలు" అంది పెద్దమ్మ.

ఆ ఏడు సమాజంలోంచి నలుగురు తప్పుకున్నారు. బాలింతల పాలు ఆగలేదు గానీ, చందాలకు పెద్దమ్మ ఇంకా ఎక్కువ ఇళ్ళకు తిరగాల్సి వచ్చింది. ఆ సవరణను చీటీలుగా అచ్చువేసి, మైదా బంకతో పాత పుస్తకాల్లో మా చేతులతోనే అంటించాము. ఒకటి బ్లాకు ఆఫీసుకు చేరింది. సెప్టెంబరు జాబితాలో పాళెం పేరు ఎక్కింది.

కొత్త బావిని మాఘంలో తవ్వారు. ఎక్కడ తవ్వాలో, ఎంతలో ఆపాలో చెలమ దగ్గరి ముసలమ్మలే చూపించారు. అది లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న బావి, మా వైపు వాళ్ళు చూస్తే దొరువు అంటారు. అది పూర్తయ్యాక ఆఫీసువాళ్ళు రాయి పెడతామంటే అవ్వ అడ్డుపడింది. నేను కూడా ఒక మంచి మాట రాసి సమాజానికి పంపుతానన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"ఇప్పుడే ఏం రాయొద్దు. మాఘంలో అన్నీ బాగుంటాయి. వైశాఖం దాటనీ."

వైశాఖం దాటేదాకా మేము అక్కడ లేము. ఆయనకు నెల్లూరుకు బదిలీ అయి, వేసవి సెలవులు ఇవ్వగానే సామాను కట్టేశాము. బండి కదిలేటప్పుడు అవ్వ ఒక చిన్న కుండ నిండా చెలమ నీళ్ళు తెచ్చి పాప ఒళ్ళో పెట్టింది. దారిలో కుదుపులకు సగం ఒలికిపోయాయి. పాప గౌను తడిసింది, జలుబు చేస్తుందేమోనని నెల్లూరు చేరేదాకా భయపడుతూనే ఉన్నాను. మిగిలిన సగం పెద్దమ్మ తాగింది.

జ్యేష్ఠంలో ఒక కార్డు వచ్చింది. అవ్వ చెబుతుంటే కొత్తగా వచ్చిన పంతులుగారి భార్య రాసిపెట్టిందట. అవ్వ మాటలను ఆవిడ దిద్దకుండా అలాగే రాసింది. నా పెట్టెలో ఆ కార్డు ఇంకా ఉంది.

"అయ్యోరమ్మా, బిడ్డ ఎట్టుండాది. నా మనవరాలు నడస్తా ఉండాది. కత్తిర పోయింది. వైశాఖం దాటింది. దినమూ నేనే తాగి చూసినాను. నీళ్ళు బాగుండాయి. ఇప్పుడు రాసుకో."